కాళ్ళకు కట్లు లేవు

ఆ ఆదివారం నేను చింతామణిలో బస్సు దిగేసరికి పదిన్నరయింది. సంచిలో టారో కార్డుల పెట్టె ఉంది. దాన్ని మొదటిసారిగా ఒక మనిషి ఎదురుగా కూర్చుని తెరవబోతున్నాను. ఆ ఆలోచనకే అరచేతుల్లో చెమటలు పట్టాయి.

నా పేరు భాను. బాగేపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. ఏడాదిగా ఆన్‌లైన్ క్లాసులో, బొమ్మల కార్డులు పరిచి మనసులో మాట చదివే టారో నేర్చుకుంటున్నాను. డెబ్బై ఎనిమిది కార్డుల అర్థాలూ ఒక నోటుబుక్కు నిండా రాసుకున్నాను. అయితే ఇంతవరకూ ఫోన్లో స్నేహితురాళ్ళకు చెప్పడమే. ఈసారి వనజాక్షి అత్త తనంతట తానే పిలిచింది.

"ఆ బొమ్మల కార్డులు తీసుకొని రా పాపా. నేనొకటి అడగాల. మీ మామకు చెప్పొద్దు."

వనజాక్షి అత్త మా నాన్నకు చెల్లెలు. నలభై ఆరేళ్ళు. పుట్టి పెరిగింది పాతపాళ్యలో. ఇరవై రెండేళ్ళప్పుడు బాలచంద్ర మామతో పెళ్ళయి చింతామణికి వచ్చింది. కింద స్టీలు సామాన్ల అంగడి, పైన ఇల్లు. ఆమె ఒకరిని సలహా అడగడం నేనెప్పుడూ చూడలేదు. అందరూ ఆమెనే అడుగుతారు.

నేను మెట్లెక్కి పైకి వెళ్ళేసరికి అత్త చాప పరిచి సిద్ధంగా ఉంది. కాఫీ చేతికిచ్చి, తలుపు దగ్గరగా వేసింది.

"సాయంత్రం నాలుగు గంటలకు నేనొక మాట చెప్పాల. ఔననో, కాదనో. నీ కార్డులు ఏమంటాయో చూడు."

"ఎవరికి చెప్పాల?"

"ఊరి బయట కొత్త స్కూలు ఉండాది కదా, ఆ స్కూలు మేడమ్‌కు. పోయిన వారం హాస్టలుకు అన్నం తట్టలు కొనేకి వచ్చింది. ఈతకొలను కట్టినామమ్మా, ఆడపిల్లోళ్ళకు నేర్పించేకి ఆడమనిషి దొరకలేదు, మగ కోచ్ అంటే అమ్మానాయనలు ఒప్పుకోలేదు అని ఒకటే బాధపడె. నా నోరు ఊరికే ఉండలేదు. మా ఊర్లో బాయిలో పిల్లోళ్ళకంతా నేనే ఈత నేర్పిస్తాంటిని అని చెప్తిని. అంతే! తట్టలు పక్కన పెట్టేసి నన్నే చూసె."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. "అత్తా! నీకు ఈత వస్తాదా?"

"వస్తాదా అంటే? పాతపాళ్యలో నా అంత పైనుంచి దూకేవాళ్ళు మగపిల్లోళ్ళలో కూడా లేరు." ఆ మాట అంటుంటే అత్త మొహం ఒక్క క్షణం వెలిగింది. మళ్ళీ మామూలయింది. "వచ్చే ఆదివారం బెంగళూరు నుంచి కోచ్ వచ్చి పరీక్ష పెడతాదంట. పాసయితే ఎట్లా నేర్పించాలో పది దినాలు తరబేతి ఇచ్చి, పిల్లోళ్ళను నాకు అప్పగిస్తారంట. కానీ పాపా, నేను నీళ్ళలోకి దిగి ఇరవై నాలుగేళ్ళయిపాయె."

నాకు సగం సంబరం, సగం భయం. నలభై ఆరేళ్ళ మనిషి. ఇన్నేళ్ళుగా అంగట్లో కూర్చున్న ఒళ్ళు. నీళ్ళలో ఏమైనా అయితే? వద్దని చెబితే బాగుండునని నాకు లోపల అనిపించింది. ఆ సంగతి నాకు నేను కూడా సరిగ్గా ఒప్పుకోలేదు.

కార్డుల పెట్టె తెరిచాను. "అత్తా, ఇది జాతకం కాదు. అవుతాదా, కాదా అని చెప్పదు. నీ మనసులో ఉండేదాన్ని తీసి నీ కండ్ల ముందర పెడతాది, అంతే."

"నాకు అదే కావాల."

ఆమే కార్డులు కలిపింది. స్టీలు చెంచాలు లెక్కపెట్టే చేతులు కదా, చకచకా కలిపేసింది. నేను మూడు కార్డులు తీసి చాప మీద బోర్లా పెట్టాను. ఎడమ పక్కది ఆమె దగ్గర ఇప్పటికే ఉన్నదాన్ని చూపేది. మధ్యది అడ్డం పడేది. కుడి పక్కది వేయదగ్గ అడుగు.

మొదటిది తిప్పాను. ఆరు గిన్నెల కార్డు. ఒక పిల్లవాడు ఒక పిల్లకు పూలు నింపిన గిన్నె అందిస్తున్న బొమ్మ.

అత్త వంగి చూసింది. "ఇత్తడివే కదా ఇవి? గిన్నెల్లో పూలు పెడితే మరకలు పడవా?"

నాకు నవ్వు ఆగలేదు. "చిన్నప్పటి సంగతులు అని దీనికి అర్థం అత్తా. చిన్నప్పుడు నీకు దక్కిందేదో ఇప్పటికీ నీ దగ్గరే ఉండాదని."

"ఉండాది," అంది అత్త నెమ్మదిగా. "బాయి ఉండాది. మన చేన్లో బాయి. ఎండాకాలంలో పొద్దున దిగితే అమ్మ కట్టె తీసుకొని వచ్చేదాకా పైకి వచ్చేవాళ్ళం కాదు."

రెండోది తిప్పాను. నా గొంతు కొంచెం తగ్గింది. ఎనిమిది కత్తుల కార్డు. కళ్ళకు గంతలు కట్టి, ఒళ్ళు గుడ్డతో చుట్టేసిన ఒక ఆడమనిషి. చుట్టూ నేలలో పాతిన ఎనిమిది కత్తులు.

"ఇది చిక్కుకుపోవడం అత్తా. కదిలే వీలు లేకపోవడం. టైము మంచిది కాదు, కాస్త ఆగమని..." నోటుబుక్కులో ఉన్న మూడు అర్థాల్లో ఆగమనేదాన్నే నేను ఏరుకున్నాను.

అత్త కార్డు చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురుకు పట్టింది. చాలాసేపు చూసింది.

"పాపా, ఈమెకు కాళ్ళు కట్టలేదే?"

నేను చూశాను. నిజమే. చేతులు కట్టి ఉన్నాయి, కళ్ళు కట్టి ఉన్నాయి. కాళ్ళు మాత్రం విడిగా ఉన్నాయి. ఆ కార్డును నేను కొన్ని వందల సార్లు చూశాను. ఎప్పుడూ కాళ్ళ వైపు చూడలేదు.

"కత్తులు కూడా ముందర లేవు. పక్కన, వెనక ఉండాయి. ఈమె నడిస్తే పోవచ్చు. ఎవరూ కాపలా కూడా లేరు." అత్త గొంతు మారిపోయింది. "నేను ఇన్నేండ్లూ ఏమనుకుంటాంటినో తెలుసునా? పెండ్లయినాక నన్ను ఈదనీలేదు అని. ఎవరు ఈదనీలేదు? మీ మామ ఒక్కసారైనా వద్దన్నాడా? నేను ఎప్పుడన్నా అడిగితినా? ఆ ఏడు బాయి ఎండిపాయె, నేను ఇక్కడికి వచ్చేస్తి. అంతే జరిగింది. మైసూరుకు పోయినప్పుడు హోటల్లో కొలను ఉండె. పిల్లోళ్ళు, మీ మామ అంతా మోకాలు లోతు నీళ్ళలో గెంతులేస్తాంటే నేను గట్టు మీద టవళ్ళు పట్టుకొని కూర్చుంటిని. రమ్మన్నారు. నేనే వద్దంటిని."

 నోటుబుక్కు వైపు నా చేయి పోయింది, కానీ తెరవబుద్ధి కాలేదు.

"మూడోది తిప్పు," అంది అత్త.

తిప్పాను. ది ఫూల్. కొండ అంచున నిలబడి, ఆకాశంలోకి చూస్తూ, ఒక కాలు ముందుకు వేసే కుర్రవాడు. కాళ్ళ దగ్గర తెల్ల కుక్క. పేరుకు అర్థం చెప్పడానికి నాకు సిగ్గేసింది. "ఇది... కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ కార్డు. కానీ అంచు చూడకుండా పోతాండాడు కదా. కుక్క హెచ్చరిస్తాందని పుస్తకంలో ఉండాది."

అత్త పకపకా నవ్వింది. ఆమె అట్లా నవ్వగా నేను ఎప్పుడూ వినలేదు. "హెచ్చరిస్తాందా? బాగా చూడు పాపా. అది కూడా దూకేకి ఎగరతాండాది!"

ఆ తర్వాత నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. లేచింది, కొంగు సర్దుకుంది, తలుపు తీసి మెట్లు దిగింది. నేను కార్డులు అక్కడే వదిలేసి వెనక పరిగెత్తాను.

అంగట్లో బాలచంద్ర మామ కెంపమ్మ అనే ముసలామెకు కుక్కరు మూత ఎట్లా పెట్టాలో చూపిస్తున్నాడు. అత్త నేరుగా వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది.

"నేను ఈత నేర్పించే పనికి పరీక్షకు పోతాండాను."

మామ మూత పట్టుకునే తల ఎత్తాడు. "ఏ ఈత?"

"నీళ్ళలో ఈత."

"నీకు ఈత వస్తాదా?"

"వస్తాది."

"ఎప్పట్నుంచి?"

"ఎనిమిదేండ్లప్పట్నుంచి."

మామ కుక్కరు పక్కన పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. "ఇరవై నాలుగేండ్లయింది వనజా మన పెండ్లయి. ఒక్కసారి కూడా చెప్పలేదే!"

"మీరు అడగలేదు. నేనూ చెప్పలేదు."

"మునిగిపోతే?"

"మునిగేదాన్నయితే ఎనిమిదేండ్లకే మునిగిపోయుందును."

మామ అత్తను చూశాడు, నన్ను చూశాడు. నీళ్ళంటే ఆయనకు ఎంత భయమో ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన నోరు తెరిచేలోపే కెంపమ్మ అందుకుంది. "అమ్మా, మా మనవరాలికి కూడా నేర్పిస్తావా? ఇంట్లో బకెట్లోనే పడి కొట్టుకుంటాంటుంది."

మామ గట్టిగా ఊపిరి వదిలాడు. "సరే. కానీ పరీక్షకు ముందు ఒకసారి ఎక్కడన్నా దిగి చూసుకో. మీ అన్న పక్కన ఉండాల. తాడు ఉండాల."

నాలుగు గంటలకు అత్త ఫోన్ చేసి ఔనని చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె కాలి బొటనవేలు నేల మీద తాళం వేస్తూనే ఉంది.

మరునాడు పొద్దున అత్త పాతపాళ్యలో ఉంది. మా స్కూలుకు దసరా సెలవులు కాబట్టి నేనూ వెళ్ళాను. రెండు మూడేళ్ళుగా వానలు బాగా పడి, ఎండిపోయిన మా బావిలోకి మళ్ళీ నీళ్ళు వచ్చాయి. గట్టు నుంచి రెండు నిలువుల కింద పచ్చగా, కదలకుండా ఉన్నాయి నీళ్ళు. మా నాన్న అంజినప్ప, మామ చెప్పినట్టే ఒక పొడుగాటి తాడు, ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ము తెచ్చి గట్టు మీద పెట్టాడు. అత్త పాత చుడీదారు వేసుకుని, చున్నీ తీసి నా చేతికిచ్చింది.

"మెట్లమీద దిగి నిదానంగా పో అత్తా," అన్నాను.

"అన్నా, అప్పుడు యాడ నుంచి దూకుతాంటిమి?"

"అదో, ఆ బండ మీద నుంచి," అన్నాడు నాన్న. అని నాలుక కరుచుకున్నాడు. "వనజా, ఇప్పుడు వద్దు..."

అప్పటికే అత్త బండ ఎక్కేసింది. అంచున ఒక్క క్షణం ఆగింది. ముక్కు మూసుకోలేదు, కళ్ళు మూసుకోలేదు. రెండు కాళ్ళూ దగ్గరికి పెట్టి గాల్లోకి లేచింది.

ధబ్బుమని శబ్దం. నీళ్ళు మా మొహాల దాకా చిమ్మాయి. నేను పెట్టిన కేకకు పక్క చేనులో కొంగలు లేచిపోయాయి. నీళ్ళ మీద వలయాలు తప్ప ఏమీ కనబడలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు... నాన్న డ్రమ్ము ఎత్తాడు.

బావికి అవతలి గోడ దగ్గర అత్త తల పైకి వచ్చింది. జుట్టు మొహానికి అతుక్కుపోయింది. నోరంతా తెరిచి నవ్వుతోంది. "అన్నా! సల్లగుండాది! అట్లే ఉండాది! ఏమీ మారలేదు!"

నాన్న డ్రమ్ము దించి దాని మీదే కూర్చుండిపోయి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

నేను మెట్లు దిగి చివరి మెట్టు మీద నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చున్నాను. అత్త ఈదుకుంటూ వచ్చి మెట్టు పట్టుకుంది.

"అత్తా, నిన్న నీకు ఒకటి చెప్పలేదు. ఆ కత్తుల కార్డుకు ఇంకా అర్థాలుండాయి. భయం నాది. ఆగమని కార్డు చెప్పినట్టు నేను చెప్పినా."

"తెలుసు పాపా," అంది అత్త, ఆయాసపడుతూనే. "నీ మొహంలో కనిపించె. దానికేమి, నీకు నా మీద ప్రేమ. కానీ ఇంగొకరికి చూసేటప్పుడు నీ భయాన్ని గడప అవతల పెట్టి రా."

ఏడాది క్లాసుల్లో ఎవరూ నాకు ఇంత సూటిగా చెప్పలేదు.

ఈత అయితే మరిచిపోలేదు గానీ, దమ్ము నిలవలేదు. మొదటి దినం నాలుగుసార్లు అటూ ఇటూ పోగానే మెట్లు పట్టుకుని వగర్చింది. పరీక్షలో కొలను ఈ చివర నుంచి ఆ చివరకు ఎనిమిది సార్లు పోవాలి. అంటే రెండు వందల మీటర్లు, ఎనిమిది నిమిషాల్లో. మా బావిలో అది ఇరవై సార్లకు పైనే. రెండో దినం ఏడుసార్లు వెళ్ళింది. మూడో దినం భుజాలు పట్టేసి చెయ్యి పైకెత్తలేకపోయింది. అయినా దిగింది. శుక్రవారానికి పదహారు. శనివారం ఇరవై రెండు! నేను గట్టు మీద గెంతులు వేశాను. టైము చూడడం మాత్రం ఇద్దరమూ మరిచిపోయాం.

ఆ శనివారమే మామ చిక్కబళ్ళాపురం వెళ్ళి ఒళ్ళంతా కప్పే ఈత దుస్తులు తెచ్చాడు. కొలత తెలియక మూడు సైజులు తెచ్చాడు. "అంగట్లో వాళ్ళు ఎవరికని అడిగితే, మా ఇంట్లో కోచ్‌కు అని చెప్పినా," అన్నాడు. అత్త ఆ మాట విని ఆ మూడింటినీ గుండెకు అదుముకుని లోపలికి పోయింది.

ఆదివారం పది గంటలకు అత్త, మామ, నేను స్కూలు కొలను దగ్గరికి చేరాం. నీలంగా, అద్దంలా, క్లోరిన్ వాసన వేస్తూ ఉంది. బెంగళూరు నుంచి వచ్చిన కోచ్ పేరు రంజిత, ముప్పై ఏళ్ళుంటాయి. మెడలో విజిలు. అత్తను చూసి మర్యాదగా నవ్వింది కానీ, ఆ నవ్వులో నమ్మకం లేదు.

"ఏ స్ట్రోక్ ఈదుతారమ్మా?"

"పేరు తెలీదమ్మా. బాయి ఈత."

విజిలు మోగింది. అత్త తల పైకెత్తి, రెండు చేతులతో నీళ్ళు తోసుకుంటూ బయలుదేరింది. మొదటి నాలుగు బాగా సాగాయి. అయిదోసారి వేగం తగ్గింది. ఆరోసారికి మధ్యలో చేతులు ఆగిపోయాయి. మామ కుర్చీలో నుంచి లేచాడు. అత్త వెల్లకిలా తిరిగి, కాళ్ళతో మాత్రం కొట్టుకుంటూ ముందుకు పోయింది. ఆగలేదు. గోడ పట్టుకోలేదు. ఎనిమిదోసారి గోడను తాకి మొహం ఎత్తింది.

రంజిత వాచీ చూసింది. "ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు."

నలభై సెకన్లు ఎక్కువ. నాకు ఏడుపొచ్చింది. అత్త మాత్రం నీళ్ళు ఊసి, "తర్వాత ఏమి?" అంది.

తర్వాతది ఏమీ పట్టుకోకుండా లోతు నీళ్ళలో పది నిమిషాలు నిలువుగా తేలడం. ఆ పది నిమిషాలూ అత్త రంజితను యాడ నేర్చుకున్నావమ్మా, మీ అమ్మకు ఈత వస్తాదా అని అడుగుతూనే ఉంది. రంజితకు నవ్వు ఆగలేదు. ఆఖరిది లోతు చివర అడుగున పెట్టిన అయిదు కిలోల బరువును పైకి తేవడం. అత్త గాలి పీల్చి మునిగింది. మేం ముగ్గురం అంచున వంగి చూస్తున్నాం. నీలం నీళ్ళ కింద ఆమె నీడ చేపలా జారింది. అంతే, బరువును గుండెకు ఆనించుకుని పైకొచ్చి, రంజిత కాళ్ళ దగ్గర గట్టు మీద టప్పున పెట్టింది.

"ఇంత సులభంగా తెచ్చినవాళ్ళను నేను తక్కువ చూశాను," అంది రంజిత. ఆ తర్వాత కూర్చుని సూటిగా చెప్పింది. "కానీ నలభై సెకన్లు నేను వదల్లేను. అవతల పిల్లల ప్రాణాలు ఉంటాయి. మూడు వారాల్లో మళ్ళీ వస్తాను. అంతవరకు పొద్దున్నే ఇక్కడే ఈదండి. ఊపిరి ఎట్లా తీసుకోవాలో ఇప్పుడే చూపిస్తాను. దిగండి."

అత్త నిరాశ పడుతుందేమోనని నేను చూస్తున్నాను. ఆమె అప్పటికే మళ్ళీ నీళ్ళలో ఉంది. తల నీళ్ళలో పెట్టి పక్కకు తిప్పడం నేర్చుకుంటోంది.

మూడు వారాల తర్వాత ఏడు నిమిషాల పద్దెనిమిది సెకన్లు! స్కూలు మేడమ్ అక్కడికక్కడే కాగితం మీద సంతకం పెట్టించుకుంది. మామ అంగడికి వచ్చినవాళ్ళందరికీ ఆ అంకె చెప్పాడు, అడిగినా అడగకపోయినా.

ఇప్పుడు నేను కార్డులు పరిచాక నోటుబుక్కు తెరవడం లేదు. ఎదుటి మనిషిని "నీకు ఇందులో ఏమి కనిపిస్తాంది?" అని ముందు అడుగుతాను. ఆ తర్వాతే నాకు తెలిసింది చెబుతాను. బాగేపల్లిలో ఆదివారాలు మా ఇంటికి నలుగురైదుగురు వస్తున్నారు. ప్రతిసారీ మొదటి కార్డు తిప్పేముందు నాకు అదే దడ. మునుపు తప్పు చెబుతానేమోననే దిగులు ఉండేది. ఇప్పుడు వాళ్ళేమి చూస్తారో వినాలనే ఆత్రం.

పది దినాల తరబేతి ముగిశాక అత్త మొదటి క్లాసు రోజున నేను సెలవు పెట్టి మరీ వెళ్ళాను. పదకొండు మంది ఆడపిల్లలు మెట్ల మీద వరుసగా కూర్చున్నారు. పది మంది దిగారు. ఆరేళ్ళ మేఘ ఒక్కతే కడ్డీ పట్టుకుని రానంది. అత్త బలవంతం చేయలేదు. నడుము లోతు నీళ్ళలో ఆ పిల్ల ఎదురుగా నిలబడి, రెండు చేతులూ చాచి, ఊరికే ఉంది. మిగతా పిల్లలు నీళ్ళు చల్లుకుంటూ గోల చేస్తున్నారు. మేఘ ఒక చేయి వదిలింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ వదిలింది. ఉన్నట్టుండి రెండు చేతులూ వదిలేసి అత్త మీదికి దూకింది. ఇద్దరూ తలలు మునిగి లేచారు. మేఘ దగ్గింది, ముక్కు తుడుచుకుంది, కళ్ళు పెద్దవి చేసుకుని చుట్టూ చూసింది. ఏడుస్తుందేమోనని గేటు దగ్గర వాళ్ళమ్మ అడుగు ముందుకేసింది.

"ఇంగొకసారి!" అని అరిచింది మేఘ.